హమ్మయ్య అనుకున్నాను, రాజు భయ్యా

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. రాజు భయ్యా లేడని.

ఛాతీలో నొప్పి అన్నాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

మొన్న సాయంత్రమే అబర్డీన్ బజార్‌లో కలిసి సమోసాలు తిన్నాం. ఎలా నమ్మాలి?

ఇంతవరకూ ఎవరైనా రాసేదే. ఆ తర్వాత నేను చేసిన పని రాయాలంటే సిగ్గుగా ఉంది. హిందీలో రాస్తే మా వాళ్లంతా గబగబా చదివేస్తారు. కానీ ఇది ముందు భయ్యా భార్య, మా వదిన చదవాలి. ఆమెకి తెలుగే బాగా వచ్చు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

తెలియని వాళ్లకి చెబుతున్నా. రాజు భయ్యా స్కూల్లో కంప్యూటర్ టీచర్. ఈ దీవిలో, ఆస్టినాబాద్ పేటలో మా వెనక వీధి. సొంత అన్న కాదు, కానీ అలాగే చూసుకున్నాడు. మా సర్కిల్‌లో ఎవరింట్లో కంప్యూటర్ ఉన్నా, దాని పార్ట్స్ ఎంచింది ఆయనే.

నేను మొదటి పీసీ కట్టించుకుందామనుకున్నప్పుడు వీడియోలన్నీ చూసి ఒక కేబినెట్ సెలెక్ట్ చేశాను. పక్కన గ్లాస్, లోపల రంగురంగుల లైట్లు, ఆరు ఫ్యాన్లు. పెద్ద ఫోజు కొడుతూ చూపించాను. భయ్యా దాని వంక సరిగ్గా చూడను కూడా లేదు.

"ముందు నీ కిటికీ గ్రిల్ చూపించు. పార్ట్స్ సంగతి బాద్ మే" అన్నాడు.

ఇంటికొచ్చి గ్రిల్ మీద వేలు రాశాడు. వేలంతా ఎర్రటి తుప్పు. దాన్ని నా ముక్కు ముందు పెట్టి నవ్వాడు. ఆరు ఫ్యాన్లు పెడితే ఈ ఉప్పుగాలినంతా లోపలికి లాగి మదర్‌బోర్డుకి తినిపిస్తావురా అన్నాడు. చివరికి నాకు దక్కింది ఒక నల్లటి రేకు డబ్బా, రెండు ఫ్యాన్లు, ముందు ఒక జాలీ ఫిల్టర్. అదీ కిటికీకి దూరంగా, లోపలి గోడ వారగా.

లైట్లు లేవని చాలా రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను.

అది ఇప్పటికీ నడుస్తోంది. ఈ పోస్ట్ దాని మీదే టైప్ చేస్తున్నాను.

ఎవరికైనా అంతే. ఎంత స్పీడు కావాలని తర్వాత అడిగేవాడు. పాడైతే ఆ పార్ట్ మన బజార్‌లో దొరుకుతుందా, మెయిన్‌లాండ్ నుంచి వచ్చే షిప్ కోసం ఎదురుచూడాలా అన్నది ముందు చూసేవాడు.

తర్వాత నేను హోమ్‌స్టే పెట్టాను. బుకింగ్‌లకి సైట్ కావాలి, సైట్‌కి సర్వర్ కావాలి. హోస్టింగ్‌కి, అంటే సైట్ పెట్టుకోవడానికి, మెయిన్‌లాండ్‌లో అద్దె సర్వర్ తీసుకోమని భయ్యా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఇక్కడ కరెంటు పోయినా, నెట్ పడుకున్నా, అక్కడి టూరిస్టులకి సైట్ కనిపిస్తూనే ఉంటుంది కదా అని.

నేను వినలేదు. ఆయన గదిలో తన కోసం కట్టుకున్న చిన్న సర్వర్ ఉంది, అందులోనే పెట్టమన్నాను. అద్దె సర్వర్‌కి ఏదైనా అయితే ముక్కూ మొహం తెలియని వాళ్లకి ఇంగ్లీషులో కంప్లెయింట్ రాసుకుని కూర్చోవాలి. భయ్యాకైతే ఒక్క ఫోన్ కొడితే చాలు.

"అయితే ఏటి యార్, మెషిన్ని కాదు, నన్నే హోస్టింగ్‌కి తీసుకున్నావన్నమాట" అన్నాడు.

ఇద్దరం పగలబడి నవ్వాం.

నిజంగా అలాగే వాడుకున్నాను. ఆయన భోజనం మధ్యలో, క్లాసు మధ్యలో, అర్ధరాత్రి నిద్రలో, పండగ పూట కూడా. ఎప్పుడు చేసినా "బోలో శీనూ" అనే ఎత్తేవాడు.

ఇప్పుడు నిన్నటి సంగతి.

ఆ ఫోన్ పెట్టేశాక నేను మొదట చేసిన పని, నా సైట్ ఓపెన్ అవుతోందా అని చూడటం.

అవును. ఏడవలేదు. వదినకి ఫోన్ చేయలేదు. సైట్ చూశాను.

ఓపెన్ కాలేదు. ఒకటే తిరుగుతోంది. ఏడుపుల మధ్య ఎవరో ఆ గది స్విచ్ ఆపేసి ఉంటారనుకున్నాను. సీజన్ టైమ్, బుకింగ్‌లన్నీ పోతాయి. వెనక వీధికి పరుగెత్తాను. వీధిలో వాళ్లు ఎవరూ ఇంకా రాలేదు.

భయ్యాని హాల్లో పడుకోబెట్టారు. దండం పెట్టాను. ఎంతసేపు పెట్టానో నాకే తెలుసు. నేరుగా ఆయన గదిలోకి వెళ్లాను.

సర్వర్ నిక్షేపంగా నడుస్తోంది. పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. అసలు దోషం నా ఫోన్ నెట్‌ది.

హమ్మయ్య అనుకున్నాను.

అవతల గదిలో మనిషిని పెట్టుకుని, హమ్మయ్య.

వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన. భయ్యాకి కొత్త పంచె తీయడానికి బీరువా దగ్గరికి వచ్చింది. ఆయన కుర్చీ దగ్గర నిలబడి ఉన్నానుగా, ఆయన మీద బెంగతో అక్కడికి వెళ్లాననుకుంది. నా భుజం పట్టుకుని ఏడ్చింది.

"అందరికన్నా ముందు నువ్వే వచ్చినావు శీనూ."

నేను బీరువా తలుపు తీసి పంచె అందించాను.

సాయంత్రం వచ్చిన వాళ్లందరికీ అదే చెప్పింది. పెద్దవాళ్లు నా చేయి పట్టుకుని తమ్ముడంటే నువ్వేనయ్యా అన్నారు. కాదనకుండా తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు.

ఈ పొద్దున ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. వాళ్ల సైట్లూ భయ్యా సర్వర్‌లోనే ఉన్నాయి కదా, ఇప్పుడెలా అని. ఒళ్లు మండిపోయింది. మనుషులేనా మీరు అని టైప్ చేసి, మళ్లీ చెరిపేశాను. నాకేం హక్కుంది? వాళ్లు కనీసం ఒక రోజు ఆగారు.

వదినా, నేను ముందు వచ్చింది భయ్యా కోసం కాదు. ఆ డబ్బా కోసం. నీ నోటితో ఇంకొకరికి ఆ మాట చెప్పకు. వినలేను.

నా సైట్‌ని ఆయన చెప్పినట్టే మెయిన్‌లాండ్ సర్వర్‌లో పెట్టిస్తాను. అప్పుడు మీ ఇంట్లో నాకు ఏ పనీ ఉండదు. అయినా వస్తాను. రానివ్వాలో వద్దో నీ ఇష్టం.

భయ్యా, ఇక నా ఫోన్ నిన్ను లేపదు. హాయిగా పడుకో.