అత్త నగల మీద రెండు ప్రార్థనలు

మా అత్త పోయిన మూడో నెలలో ఆమె నగలు పంచుకోవడానికి కూర్చున్నాం. మామ మా ఊరి క్రైస్తవ సంఘానికి పెద్ద. ఒంటి మీది ప్రతి నగా నరకానికి ఒక మెట్టని ఏళ్ల తరబడి ఆదివారం ఆదివారం చెప్పిన మనిషి. ఆ మెట్లన్నీ మా ఇంట్లోనే, వెదురుబుట్ట అడుగున పాతచీరలో మూటగట్టి భద్రంగా ఉన్నాయి. అందుకు దేవునికి స్తోత్రం.

వెల కట్టడానికి బద్వేలు నుంచి కంసాలి ఆచారిని పిలిపించారు. ఆయన త్రాసు, గురిగింజలు, గీటురాయి చాప మీద పరుచుకున్నాడు. మా మొగుళ్లిద్దరూ అది ఆడవాళ్ల సంగతని చెప్పి చేలోకి తప్పించుకున్నారు. మా ఇండ్లలో పంపకానికి ఒక పద్ధతుంది. పెద్దకోడలు కుప్పలు పెట్టాలి, చిన్నకోడలు ముందుగా ఏరుకోవాలి. నేను ఏది ఎత్తుకుంటానో తెలియదు కాబట్టి మా అక్క, అంటే నా తోడికోడలు, రెండు కుప్పలనూ గురిగింజ తేడా లేకుండా పెట్టడానికి చెమటలు కార్చింది. ఆమెలో అంతటి న్యాయం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

గుండ్లదండ ఎత్తి చూసి, "అబ్బ, శానా బరువుండాదే!" అంది.

"అది లక్క బరువు తల్లీ," అన్నాడు ఆచారి. "పైపైనే బంగారం. లోపలంతా లక్కే."

"అయితే అచ్చం మా అత్తే."

మామ దగ్గాడు. అక్క దండ కింద పెట్టింది.

చివరికి ఒక వైపు దండ, ఇంకో వైపు చేతి మురుగులూ చెవి కమ్మలూ చేరాయి. ఆ కొంచెం తేడా సరిపెట్టడానికి కమ్మల పక్కన ఎర్రరాయి ముక్కుపుడక పెట్టారు. కందిగింజంత ఉంటుంది.

"ఏరుకునే ముందర ప్రార్థన చేసుకుందాం," అన్నాడు మామ.

మా మామ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీది సంగటి మాడాల్సిందే. ఆదాముతో బయలుదేరి, అబ్రాహాము ఇంట్లో కాసేపు కూర్చుని, ఐగుప్తులో చిక్కుకుపోయాడు. ఎర్రసముద్రం ఒడ్డుకు వచ్చేసరికి, ఏ కుప్ప మేలో ఇంకోసారి చూసుకుందామని నేను ఒక కన్ను తెరిచాను. అక్క కండ్లు బిగించి, దండ తనకే దక్కాలని కాబోలు, పెదవులు కదుపుతోంది. మామ ఇశ్రాయేలు జనాన్ని సముద్రం దాటిస్తూనే, గొంతు ఏమాత్రం తొణకకుండా, చెయ్యి చాపి ముక్కుపుడక తీసుకుని రొంటిన దోపుకున్నాడు.

నా కన్ను దానంతటదే మూసుకుపోయింది.

ఆమేన్ అనడం, అక్క కుప్పల వైపు చూడడం ఒకసారే జరిగాయి.

"పుడక యాడ?"

చాప దులిపింది. నా చెంగు దులిపింది. తర్వాత ఆచారి వైపు తిరిగింది. "కంసాలోడు కన్నతల్లి బంగారాన్ని గూడా వదలడంట. మా అత్తను వదుల్తావాప్పా నువ్వు?"

"మాయమ్మకు బంగారం ఉంటే గదమ్మా నేను దొంగిలించేకి," అన్నాడాయన. కానీ ముఖంలో నవ్వు లేదు. "ఈ మాట బయటికి పోయిందంటే రేపట్నించి నా ముందర ఎవరన్నా మూట విప్పుతారా?"

"అయితే నీ రొంటి విప్పు."

ఆయన లేచి విప్పాడు. నాలుగు వక్కలు, సున్నపుకాయ చాప మీద పడ్డాయి. "మీరంతా కండ్లు మూసుకున్యారు. నన్ను మూసుకోమని ఎవరూ చెప్పల్యా," అన్నాడు, మామ వైపు చూడకుండా.

"చూసినావా? ఎవురు తీసినారో చెప్పు మరి!"

"నేను తూకమేసే మనిషినమ్మా. అంతవరకే."

చెబితే మామ పరువు పోతుంది. చెప్పకపోతే ఆచారి బతుకు పోతుంది. కోడలు నోటితో "మామా, మీ రొంటి చూపించండి" అనడం ఎట్లా? ప్రభువా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అనుకున్నాను.

మామ గొంతు సవరించుకున్నాడు. "ఇంకోసారి ప్రార్థన చేసుకుందాం."

"ఇప్పుడే గద మామా చేస్తిమి!" అంది అక్క.

"అది చాల్లేదు."

ఈసారి ఆదామూ రాలేదు, అబ్రాహామూ రాలేదు. ఆయన చేసిన ప్రార్థనలన్నిటిలోనూ అదే పొట్టిది.

"ప్రభువా, ఆ పుడక నా రొంట్లో ఉండాది. నీకు తెలుసు. ఆచారికీ తెలుసు. ఆయప్ప మంచోడు, నన్ను పట్టీయల్యా. ఆ పొద్దు మిషను దొరసానమ్మ మెప్పు కోసరం నా పెండ్లాం ముక్కున ఆ పుడక తీపిచ్చింది నేనే. తూటు పూడిపోకుండా అది చచ్చేదాకా వేపపుల్ల పెట్టుకోని తిరిగింది. నేను చూసీ చూడనట్టు పోయినా. కోడండ్లను అడగాలంటే నాకు సిగ్గు. అందుకే నిన్ను అడుగుతాండా. దాన్ని నాకాడ ఉండనీ."

ఆమేన్ అనడం మరిచిపోయాడు. మేమూ కండ్లు తెరవలేదు. చివరికి అక్కే ఆమేన్ అని, చెంగుతో ముక్కు తుడుచుకుంది. వంగి, చాప మీద పడిన వక్కలు ఒక్కొక్కటే ఏరి ఆచారి చేతిలో పెట్టింది. ఆయన ముఖం మాత్రం చూడలేకపోయింది.

"ఏం జూస్తాండావప్పా," అంది త్రాసుతో. "పుడక లేదనుకోని మళ్లీ తూకమెయ్యి."