సునీతను నేను చెప్పనియ్యని మాట

నిన్న పొద్దుగాల ఇంటి కాడ జావ కాస్తున్న.

దవాఖానాల సునీత దగ్గరున్న మా ఆయన ఫోన్ చేసిండు.

"జావ తేకు. ఇగ వద్దు" అన్నడు.

నాకు సమజ్ కాలే. సల్లగైతదని డబ్బాల పోసి మూత గూడ పెట్టిన.

నా పెద్దబిడ్డ సునీత లేదు.

నాకు పెద్ద సదువు లేదు. దాని దోస్తు స్వాతి నెట్ సెంటర్ల నా పక్కన కూసోని, నేను చెప్తుంటె సునీత ఫేస్‌బుక్ పేజీల టైప్ కొడుతున్నది. ఒక్క మాట మార్చకు బిడ్డా అన్న.

మీకు తెలుసు గద, జూలూరుపాడుల సైన్స్ టీచర్ అది. రోజు ఖానాపురం హవేలిల మా ఇంటి కాడ షేర్ ఆటో ఎక్కేది, ఆటెన్క బస్సు. పూలంటె పానం. జడల పెట్టుకునేటందుకు కాదు, ఇప్పి చూసేటందుకు.

ఇంటర్ల ఉన్నప్పుడు ఒకపారి మా ఇంట్ల ప్రేయర్ మీటింగ్. పాస్టర్ గారు, మా అన్న, మగోళ్ళందరు కూసున్నరు.

ఇది గడప కాడ మందారపువ్వును బ్లేడుతోని నిలువున కోసి, చెల్లెకు గట్టిగ చెప్తున్నది.

"పొడి రాలేటియి కేసరాలు, మగయి. నడుమ కాడ కీలం. దాని కొనకు కీలాగ్రం, పుప్పొడి ఆడ అంటుకుంటది. అడుగున ఉబ్బుగ ఉన్నది అండాశయం. ఇది ఆడది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఉరికిపోయి నోరు మూసిన.

"సిగ్గుందానే నీకు? మగోళ్ళ ముందట ఆడది మగది ఏంది?"

"పువ్వుకు లేని సిగ్గు నీకెందుకే అమ్మా?"

మా అన్న పక్కున నవ్విండు. నేను దాని వీపు మీద ఒక్కటేసిన.

ఆ దినం సంది ఇంట్ల ఆ పేర్లు బంద్.

నొప్పి గూడ గట్లనే నేర్పిన. నడుము కింద ఏమైనా సరే, మగోళ్ళ ముందట "కడుపు నొప్పి" అనాలె. గంతే.

పోయిన వానకాలం దానికి పొట్ట ఉబ్బుకొచ్చింది. మా వాడల డాక్టర్ కాడికి తీస్కపోయిన. ఆయన మగాయన.

"కడుపుల కాదు సార్, ఇంకా కింద..." అనబోయింది.

నేను గిచ్చిన. "గ్యాస్ సార్" అన్న.

ట్యాబ్లెట్లు ఇచ్చిండు. మళ్ళ పోయినం. మళ్ళ గ్యాసే అన్న. నా బిడ్డ నొప్పి మింగుకుంట బస్సెక్కి పాఠాలు చెప్పొచ్చింది.

ఆఖరికి పెద్ద దవాఖానాల స్కాన్ తీసినంక డాక్టరమ్మ చెప్పింది. "అండాశయంల క్యాన్సర్. చాన లేట్ చేసిండ్రు."

నేనేమన్ననో తెలుసా?

"గది పువ్వుల ఉండేది గద మేడం?"

డాక్టరమ్మ నా మొకం దిక్కు చూసింది. అంత నొప్పిల గూడ సునీత నవ్వింది.

"ఆడోళ్ళకు గూడ ఉంటదే అమ్మా. నీకు గూడ ఉన్నది."

ఒక్క మాట తిట్టలే నన్ను. తిట్టినా బాగుండు.

నిన్న సాయంత్రం మట్టి చేసినం. ఆడ ఎవరో "ఏమైంది పిల్లకు?" అంటె మా ఆడబిడ్డ మెల్లగ "కడుపు నొప్పి" అన్నది. నా పరువు కాపాడదామని, పాపం.

"కాదు వదినే. అండాశయం. అండాశయంల క్యాన్సర్" అన్న.

గట్టిగనే అన్న. పాస్టర్ గారు విన్నడు. మా అన్న తల దించుకున్నడు.

ఇప్పుడు అని ఏం లాభం.

మీ ఆడపిల్ల ఫలానా కాడ నొప్పి అంటె, ఆమె నోటితోనే చెప్పనియ్యండి. మీరు మధ్యల మాట్లాడకుండ్రి.

సునీతా, నన్ను ఇప్పుడే మాఫ్ చెయ్యకు బిడ్డా.

పో నా తల్లీ. ప్రభువు నీ నొప్పంత తీసేసి నిన్ను నిమ్మళంగ పండుకోనియ్యాలె.