మోగని పలక పక్కన పెట్టు

పోయిన వారం గిద్దలూరులో స్పీకర్లు సరిచూసుకుంటుండగా ఫోన్ వచ్చింది. మార్కాపురంలో పెద్దమ్మ పోయింది. మా డ్రమ్మర్ పుల్లలు కింద పెట్టేశాడు. కార్యక్రమం ఆపించి నలుగురం అట్నుంచి అటే కారెక్కాం. ఏడుస్తూ రాయాల్సింది ఇలా హుషారుగా రాస్తున్నాడేంటని ఎవరూ అనుకోవద్దు. ఆమె గురించి నిదానంగా చెప్పడం నా వల్ల కాదు.

ఆమె మాకు చుట్టం కాదు. మా బ్యాండ్ సాధన చేసుకునే రేకుల షెడ్డు పక్కనే బడిపిల్లలు రాసుకునే రాతి పలకల ఫ్యాక్టరీ. అందులో పలకలు ఏరడం ఆమె పని. ఒక్కో పలకను ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి కుడిచేతి వేలి కణుపుతో కొట్టేది. ఖంగుమంటే కట్టలోకి, బొంగురు పోతే పక్కకు. కంటికి కనపడని పగులు కూడా ఆమె చెవికి చిక్కేది.

మొదట్లో మేం ఒక కీబోర్డు, రెండు డ్రమ్ములతో పెళ్ళి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయించేవాళ్ళం. తర్వాత గిటార్లు కొన్నాం, జుట్టు పెంచాం, ఇంగ్లీషులో అరిచాం. కాలేజీల్లో పిల్లలు బెంచీలెక్కి గంతులేశారు! పేరొచ్చేసింది. ఆ ఊపులో ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి పాట మొత్తం వింది.

"ఏంది పెద్దమ్మా, ఎట్లుంది?" అన్నాను, మెచ్చుకుంటుందని.

"శానా గట్టిగుంది నాయనా. మోగలా."

"రేకులు ఎగిరిపోతాంటే మోగలేదంటావేంది?"

"గట్టిగుండేది వేరే, మోగేది వేరే. ఆ గొంతు నీది కాదు. యాడనో పగిలుంది, చూసుకో. మోగని పలక పక్కన పెట్టాల్సిందే."

నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ఫ్యాక్టరీ వైపే చూడలేదు. మూడో రోజు నా పాట రికార్డు చేసుకుని విన్నాను. ఎవడో పరాయివాడు పాడుతున్నాడు! జీవితాంతం ఇంకొకరి నకలుగానే మిగిలిపోతానేమోనని మొదటిసారి భయం వేసింది.

ఆ భయంలోంచే మా బోరు పాట పుట్టింది. కొమరోలు దగ్గర మా చిన్నాయన పొలంలో బోరు బండి రాతిని తొలుస్తున్న మోత, చుట్టూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ జనం. డ్రమ్ములు ఆ మోతనే పట్టుకున్నాయి. నేను మా ఇంట్లో మాట్లాడే మాటలతోనే పాడాను. నీళ్ళ కోసం ఎదురుచూసే చోట అన్నీ ఆగిపోయి పలక మీద ఒక్క దెబ్బ. ఆ పలక పెద్దమ్మ ఏరి ఇచ్చిందే. గిద్దలూరులో మొదటిసారి పాడినప్పుడు, పలక మోగగానే "పడినాయా?" అన్నాను. ఎవరూ నేర్పకుండానే మైదానమంతా "పడినాయ్!" అని లేచింది. అబ్బో, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది! ఆ రోజు నుంచి జనం మమ్మల్ని పలకగాళ్ళు అనడం మొదలుపెట్టారు.

చివరి ఏళ్ళలో పెద్దమ్మకు చెవుడు వచ్చింది. ఏరే పని మాన్పించి పలకలు తుడిచే పనిలో వేశారు. అయినా మేం కొత్త పాట కడితే షెడ్డుకు వచ్చేది. స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది.

"చెవులు పోయినాయి గానీ చెయ్యి యాడికి పోయింది? కొట్టండి" అనేది.

పోయిన నెల అలా వచ్చినప్పుడు నల్లటి స్పీకర్ గుడ్డ మీద ఆమె చేతి అచ్చు పడింది. పలకల పొడితో, ఐదు వేళ్ళూ. ఆ తర్వాత ఆ స్పీకర్ మోగించే పని పడలేదు, తుడుద్దామనుకుంటూనే మర్చిపోయాం.

ఆగిపోయిన కార్యక్రమం నిన్న గిద్దలూరులో మళ్ళీ పెట్టారు. స్పీకర్లు దించుతుంటే ఆ అచ్చు కనబడింది.

"ఇది వాడొద్దు అన్నా. అదురుకు పొడి రాలిపోతాది. ఇట్లనే దాచుకుందాం" అన్నాడు డ్రమ్మర్, కళ్ళు తుడుచుకుంటూ.

నా మనసూ అదే అంది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని స్పీకర్‌ను పక్కన పెట్టబోయాం. అంతలో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పక్కన పెట్టేది మోగని పలకను కదా!

దాన్ని స్టేజీ ముందుకు తెచ్చి నిలబెట్టాం. సౌండ్ పూర్తిగా పెంచాం. బోరు పాట మొదటి దెబ్బకే చిటికెన వేలి కొస నుంచి సన్నగా పొడి లేచింది. పలక మోగింది. "పడినాయా?" అని అరిచాను. గిద్దలూరు గిద్దలూరంతా జవాబు చెప్పింది.

పాట అయ్యేసరికి వేళ్ళు ఐదూ రాలిపోయాయి. అరచెయ్యి మాత్రం నల్లగుడ్డ మీద ఇంకా అదురుతూ ఉంది.