జల్లెడక్కయ్య తేల్చిన మార్కులు

మనిషి మొహం చూసి మార్కులు చెప్పగల మహాతల్లి భూమ్మీద ఒక్కతే ఉంది. కాలేజీ ఆఫీసులో జావా ప్రోగ్రాములు రాసే ఆవిడను అందరూ జల్లెడక్కయ్య అంటారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఎంత మాటనైనా జల్లెడ పట్టి కావలసిన గింజ ఒక్కటే ఏరుకోవడం ఆవిడ అలవాటు. మొగుడు చుట్టాల కథ మొదలుపెడితే, "అదంతా ఎందుకండీ, భోజనానికి ఎంతమంది?" అంటుంది.

మొన్న ప్రిన్సిపాల్ "మార్కులు మాత్రం తీసివ్వమ్మా" అన్నాడు. పేరు, చిరునామా, తరగతి, మార్కులు కలిపి మూటగట్టిన నాలుగు వందల మంది లిస్టులోంచి, ఒక్క లైను కోడుతో మార్కులు మాత్రమే లాగి ఇచ్చింది. ఆయన చూడకుండానే గోడకు అంటించాడు. ఇంకేముంది, తొంభై ఎనిమిది నాదంటే నాదని పదకొండు మంది జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. సున్నా మాత్రం దిక్కులేనిదై గోడ మీదే ఉండిపోయింది.

"సాయంత్రంలోగా ఎవరివెవరివో తేలకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు!" అని ప్రిన్సిపాల్ గుడ్లురిమాడు.

"మీరడిగిందే ఇచ్చాను సార్," అంటూ కళ్లజోడు దించుకుంది. టీ చల్లారేలోపు ఇంకో కాగితం పట్టుకుని వరండాలోకొచ్చి, ఒక్కొక్కరినీ ఎదుట నిలబెట్టి మార్కు చెప్పేసింది. పదకొండు మందీ ముప్పైల్లోకి జారారు. తొంభై ఎనిమిది, మూల నిలబడి నోరు మెదపని పిల్లది. సున్నా సాక్షాత్తూ ప్రిన్సిపాల్ గారి మేనల్లుడిది. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురైతే కుర్రాళ్లు మొహాలకు పుస్తకాలు అడ్డం పెట్టుకుంటున్నారు.

"మొహాలెవరు చూశారు బాబూ?" అంటుంది జల్లెడక్కయ్య. " లిస్టులో వరుస మారదు. పేర్లు కూడా అదే వరుసలో తీసి మార్కుల పక్కన పెట్టాను. ఎదుట నిలబడ్డవాళ్ల పేరడిగి కాగితంలో చూసి చెప్పాను, అంతే."