మొగుడు కట్టిన అంటు

నర్సరీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. గులాబీలమ్మ అంటే చాలు. అడవి గులాబీ కాండం మీద గాటు పెట్టి, మంచి గులాబీ నుంచి తీసిన మొలక కన్నును అందులో దూర్చి, పట్టీతో బిగించి కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. అంటు కింద నుంచి అడవి పిలక లేస్తే కసుక్కున కోసి పారేసేది. "జాలిపడి వదిలేశారా, ఆ పిలకే అంటుని మింగేస్తుంది" అని మొక్క కొన్న ప్రతివాళ్లకీ క్లాసు పీకేది.

ఇంత తెలిసిన మనిషి తన పెరట్లో చేసిన పని వింటే నవ్వొస్తుంది. నవ్వండి, పర్వాలేదు. ఆమె ఎదుట మాత్రం వద్దు.

పెరట్లో సిమెంటు తొట్టిలో ఒక గులాబీ ఉంది. ఆమె భర్తా అదే నర్సరీలో అంట్లు కట్టేవాడు. ఆస్పత్రిలో చేరేముందు ఆయన కట్టిన ఆఖరి అంటు అది. లేత నారింజ రంగు పువ్వు. ఏటా వసంతంలో మొదటి పువ్వు విచ్చుకోగానే ఆమె ముఖమైనా కడుక్కోకుండా వెళ్లి దాని ముందు కూర్చునేది. ఆ వాసనకి ఆయన మట్టిచేతులూ, నీళ్లు పోస్తూ తీసే కూనిరాగమూ గుర్తొచ్చేవి. ఇంట్లో సంగతులన్నీ దానికి చెప్పుకుని నవ్వుకునేది. ఆయన పోయాక దేవుడితో మాటలు మానేసిన మనిషికి ఆ పువ్వొక్కటే నమ్మకం. ఏడాదంతా ఆ కాసేపటి కోసమే బతికేది.

అలాంటి మొక్క మీద కత్తి పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. కింది నుంచి పిలకలొచ్చాయి. ఆయన నాటిన వేరులోంచి వచ్చినవే కదా, ఉండనీలే అనుకుంది. మరుసటి ఏడు ఇంకొన్ని వచ్చాయి. ఊరందరికీ చెప్పే పాఠం తన దాకా వచ్చేసరికి ఎటో పోయింది.

ఈ వసంతంలో మొక్క నిండా మొగ్గలు తొడిగితే మురిసిపోయింది. అవి విచ్చుకున్నాయి. తెల్లగా, చిన్నగా, గుత్తులు గుత్తులుగా, వాసన లేని అడవి పూలు. పిలకలు పక్కకి తోసి చూస్తే ఆయన కట్టిన కొమ్మ నల్లబడిపోయి ఉంది. గోటితో బెరడు గీకుతూ పోయింది. అంతా ఎండిపోయింది. అడుగున ఒక్కచోట పచ్చగా తగిలింది. అక్కడ ఒకే ఒక ఆకు, దాని మొదట్లో ఒకే ఒక కన్ను.

"నా చేతులతో నేనే చంపుకున్నాను" అని చతికిలబడింది.

సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కొత్త కోడలు పరుగున వచ్చింది. "ఏమైందత్తయ్యా?"

"ఏం కాలేదు, నువ్వెళ్లు. దీని జోలికి రాకు" అని కసిరింది. భయం వేసినప్పుడు కసరడం ఆమె అలవాటు.

దారి ఒక్కటే. ఆ కన్ను కోసి కొత్త అడవి గులాబీ మొక్కకి కట్టాలి. పట్టకపోతే ఆయన గులాబీ ఇక లేనట్టే. ఆకు తీసేసి, తొడిమ మాత్రం ఉంచి, కన్ను కోసి కట్టింది. కొన్నాళ్లకి ఆ తొడిమే సంగతి చెబుతుంది. అంటు పట్టుకుంటే తొడిమ పండి, వేలు తగలగానే రాలిపోతుంది. చచ్చిపోతే ఎండి అక్కడే కరుచుకుపోతుంది.

తాకి చూడాల్సిన రోజు వచ్చింది. వెళ్లింది, వేలు చాచింది, వెనక్కి తీసుకుంది. తాకనంతవరకూ బతికే ఉందనుకోవచ్చు కదా. మర్నాడూ అంతే. ముద్ద దిగడం మానేసింది. గాలి కాస్త గట్టిగా వీస్తే పై ప్రాణాలు పైనే పోయేవి. గోడ మీద పిల్లి నడిచినా ఉలిక్కిపడేది. "నీతో మాట్లాడనన్నానని నాకూ గుర్తుంది. అయినా ఈ ఒక్కటీ చూడు" అని దేవుణ్ణి బతిమాలింది. బతిమాలడంలోనూ గొంతు కరుకుగానే ఉంది.

ఆ సాయంత్రం పెరట్లోంచి కోడలి కేక వినిపించింది. గులాబీలమ్మ గబగబా వెళ్లింది. కోడలు పక్క తొట్టికి నీళ్లు పోస్తుంటే కొత్త అంటుకి చెయ్యి తగిలిందట. మట్టిలో చిన్న పసుప్పచ్చ తొడిమ పడి ఉంది.

"చూసుకోలేదత్తయ్యా, ఊడిపోయింది. మామయ్యగారి మొక్కని నేనే చంపేశాను" అంటూ కోడలు ఏడుస్తోంది.

గులాబీలమ్మ వంగి చూసింది. తొడిమ ఊడినచోట కన్ను పచ్చగా, ఉబ్బుగా ఉంది.

"ఏడవకే పిచ్చిదానా, బతికింది. రాలిందంటే బతికినట్టే."

కోడలికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మరి మీరే ముందుగా ముట్టుకుని చూడొచ్చుగా?"

"భయమేసిందే. ఆస్పత్రిలో ఆ రోజు అందరూ నిద్రపోతున్నాడన్నారు. నేనే మీ మామయ్య చెయ్యి ముట్టుకుని చూశాను. చల్లగా తగిలింది. అప్పట్నుంచీ దేన్నైనా ముట్టుకుని చూడాలంటే భయం."

కోడలు తడిచేత్తోనే అత్తగారి చెయ్యి పట్టుకుంది. గులాబీలమ్మ విడిపించుకోలేదు.