బట్టలని చెప్పిన పార్సిల్

ఆ పార్సిల్ మా ఊరి మీదుగా రెండుసార్లు వెళ్ళిపోయింది. మొదటిసారి హైదరాబాదు నుంచి వస్తూ, నందిగామలో ఆగకుండా కీసర, పరిటాల దాటి విజయవాడ గోడౌనుకు చేరింది. అక్కడ ఎవరో మహానుభావుడు ఏ మూటలో పడేశాడో ఏమో, మర్నాడు మళ్ళీ నందిగామ దాటుకుని జగ్గయ్యపేటకు పోయింది. ఇదంతా నేను ఫోన్లో చూస్తూనే ఉన్నాను. హైవే మా ఇంటికి పది నిమిషాల నడక. వెళ్ళి ఆ లారీకి అడ్డంగా నిలబడాలన్నంత కోపం వచ్చింది.

అది నా కోసం తెప్పించింది కాదు. జగ్గయ్యపేటలో ఉండే మా అక్క కోసం. రెండేళ్ళ కిందట క్యాన్సరు వచ్చి, ఆపరేషన్ చేసి అక్కకు ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటినుంచి జాకెట్లో గుడ్డ మడిచి పెట్టుకుని నెట్టుకొస్తోంది. లోపల పెట్టుకునే సిలికాన్‌ది ఒకటి దొరుకుతుందని ఆసుపత్రిలో నర్సు చెప్పినప్పుడు, "ఇప్పుడు నాకెందుకులేమ్మా అవన్నీ" అనేసింది. కూతురి పెళ్ళి కుదిరాక మాత్రం ఒకరోజు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"అదేదో ఆన్‌లైన్లో వస్తుందంటగా. తెప్పించవే. పెళ్ళి రోజు ఒక్కరోజు మామూలుగా నిలబడాలని ఉంది నాకు."

"ఇక్కడికే ఆర్డరు పెట్టేస్తాలే," అన్నాను.

"ఇక్కడికొద్దు! ఇంటినిండా చుట్టాలు. నా చేతికొచ్చేలోపు నలుగురు విప్పి చూస్తారు."

అబద్ధం కాదు. మా వైపు పార్సిల్ అంటే ఇంటిల్లిపాదిదీ. వచ్చిందంటే చాలు, పక్కింటావిడ కూడా చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం తెప్పించారమ్మా?" అని కత్తెర అందిస్తుంది. అందుకే నందిగామలో మా ఇంటి అడ్రసు పెట్టాను. పెళ్ళి ఆ పై వారం గురువారం. శుక్రవారానికల్లా మీ చేతిలో ఉంటుందని యాప్ పచ్చరంగులో రాసి చూపించింది. ఆరు రోజులు ముందే వచ్చేస్తుంది కదా అని నేనూ ధీమాగా ఉన్నాను.

శుక్రవారం రాలేదు. శనివారం నేను స్కూలుకు సెలవు పెట్టి, పొద్దుటినుంచి వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, మేము వచ్చేసరికి మీ ఇంటికి తాళం వేసి ఉంది అని. నేను కూర్చున్న కుర్చీ సాక్షిగా చెబుతున్నాను, మా వీధిలోకి ఆ పూట కూరగాయల బండి తప్ప ఇంకోటి రాలేదు. కంప్లెయింట్ పెడదామని చూస్తే అవతల మనిషి లేడు, మిషను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటుంది. తిడదామన్నా తిట్టు తగలదు. సాయంత్రం అక్క ఫోన్ చేసి ఏమీ అడగకుండా, "ఏం చేస్తున్నావే?" అంది. ఆ మాటలోనే అంతా ఉంది.

సోమవారం స్కూల్లో ఉండగా డెలివరీ అతను ఫోన్ చేశాడు.

"నమస్తే మేడమ్, మీ పార్సిల్ నా దగ్గరే ఉందండి. ముందు చందర్లపాడు వైపు వెళ్ళిరావాలి. ఓటీపీ ఇప్పుడే చెప్పేశారంటే లిస్టులో క్లోజ్ చేసుకుంటా. సాయంత్రం ఇంటికి తెచ్చిచ్చేస్తా."

వస్తువు చేతిలో పడకుండా ఓటీపీ చెప్పకూడదని నాకు తెలుసు. పిల్లలకు చెప్పేదాన్ని కూడా. తటపటాయిస్తుంటే అతనే అన్నాడు. "మా పాప మీ స్కూలేనండి. ఐదో తరగతి. మీరంటే చాలా ఇష్టం మేడమ్ దానికి."

ఇంకేముంది, చెప్పేశాను. అంత మాట అన్నాక నమ్మనని ఎలా అంటాం? మొహమాటం. నాలుగంకెలూ తడుముకోకుండా చెప్పి, పైగా "జాగ్రత్తగా వెళ్ళిరా బాబూ" అని కూడా అన్నాను. నిమిషం తిరక్కుండా ఫోన్లో కనబడింది, మీ పార్సిల్ మీకు అందింది, సంతోషం అని.

సాయంత్రం అతను రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మంగళవారం పొద్దున్నా ఎత్తలేదు. మిషన్ని అడిగితే, ఓటీపీ ఇచ్చారు కాబట్టి అందినట్టేనంది. బళ్ళో ఐదో తరగతి పాపని పిలిచి అడుగుదామా అనుకుని, ఛీ, పసిపిల్లని ఏమడుగుతాంలే అని ఊరుకున్నాను. మధ్యాహ్నం దాటాక అతనే చేశాడు. "సారీ మేడమ్, ఫోన్ పాడైందండి. నిన్న మూడింటికే వచ్చా. మీరు లేరని మీ వీధి మొదట్లో ఫ్యాన్సీ షాపులో ఇచ్చేశా. అక్కడ అందరివీ ఇస్తుంటాగా."

పరుగున వెళ్ళాను. షట్టరు దించి ఉంది. పక్కనున్న టైలరు చెప్పాడు, షాపతను కుటుంబంతో తిరుపతి వెళ్ళాడని, శుక్రవారం గానీ రాడని. మా ఇంటికి యాభై అడుగుల దూరంలో, రెండు తాళాల వెనక ఉంది అది. ఆ షట్టరును చేత్తో ఒక్కటి చరిచాను. టైలరు మిషను ఆపి చూశాడు.

షాపతనికి ఫోన్ చేశాను. రైల్లో ఉన్నాడు. "అవునండీ టీచర్ గారూ, ఇచ్చాడండి. తాళంచెవులు మాతోనే ఉన్నాయే! అంత అర్జంటా? పోనీ మా బావమరిది కంచికచర్లలో ఉంటాడు, వాణ్ణి పంపి తాళాలు పగలగొట్టించనా? మందులాండీ? ఏముంది అందులో?"

ఫోన్ స్పీకర్లో పెట్టినట్టున్నాడు. వెనకనుంచి వాళ్ళావిడ, "ఎవరూ, టీచర్ గారా? ఏమైందంటా?" అనడం వినబడింది. ఇంకెవరో నవ్వుతున్నారు. వంటింటి తలుపు దగ్గరగా వేసిన అక్క గుర్తొచ్చింది. నా నోట్లోంచి వచ్చేసింది.

"అబ్బే, బట్టలండి."

"బట్టలేగా! శుక్రవారం పొద్దున్నే మా షాపు తీసే ముందు మీకే తెచ్చిస్తా. నిశ్చింతగా ఉండండి."

ఫోన్ పెట్టేశాక తెలిసింది నేనేం చేశానో. మందులని ఒక్క మాట అనుంటే చాలు, తాళాలు పగలగొట్టించేవాడు. ఆయనే అందించాడు ఆ మాట. అది అబద్ధమని కూడా అనలేం. వెంటనే మళ్ళీ చేశాను, సిగ్నల్ లేదు. బుధవారం తెల్లవారుజామునుంచి చేస్తూనే ఉన్నాను. కొండమీద దర్శనానికి వెళ్ళేవాళ్ళు ఫోన్లు అప్పగించి లోపలికి వెళ్తారని టైలరు చెప్పాడు. బావమరిది నంబరు ఎవరి దగ్గరా లేదు. సాయంత్రం దాకా చేసి, బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను.

అక్క నా చేతుల వైపు చూసింది. ఖాళీగా ఉన్నాయి. "పోన్లేవే, గుడ్డ ఉందిగా," అని కొత్త తువ్వాలు ఒకటి చింపి మడవడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు చర్చిలో పెళ్ళి బాగా జరిగింది. పాస్టరు గారు ప్రార్థన కాస్త పొడుగు చేశారు, బిర్యానీ కాస్త తగ్గింది, మామూలే. పట్టుజాకెట్లో ఆ గుడ్డ నిలవడం లేదు. చెయ్యెత్తితే పైకి జరుగుతోంది. అక్క రెండుసార్లు బాత్రూములోకి వెళ్ళి సర్దుకొచ్చింది. తర్వాత స్టేజి మీద నిలబడి, వచ్చినవాళ్ళిచ్చే గిఫ్టు ప్యాకెట్లు అందుకుని గుండెలకు హత్తుకుని పట్టుకుంది. తీసుకుందామని నేను వెళ్తే, "ఉండనీ," అంది.

రాత్రికే నేను నందిగామ వచ్చేశాను. శుక్రవారం పొద్దున్నే, అన్న మాట ప్రకారం, షాపతను వచ్చాడు. లడ్డూ ప్రసాదం, దాంతోపాటు పార్సిల్. "బట్టలన్నారు, బరువుగా ఉందేంటండీ?" అన్నాడు. ఆయన మీద అరవలేదు. ఆయన తప్పేముంది? యాప్ మాత్రం, మా సేవ మీకు నచ్చిందా, నక్షత్రాలివ్వండి అని నెలరోజులు వెంటపడింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పెళ్ళి ఆల్బం వచ్చింది. అక్క కూతురు మా ఇద్దరి మధ్యా కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతోంది. మొదట నవ్వుతూనే తిప్పింది. సగం అయ్యాక వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి చూసింది.

"అమ్మా, నా పెళ్ళిలో నువ్వు నా మీద ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు," అంది.