ఎవరివాళ్లను వాళ్లే తిట్టాలి

మా అత్త తిట్టకపోతే ఆ రోజు ఇడ్లీ సరిగ్గా ఉడకలేదని అర్థం. ఇది నేనన్న మాట కాదు, మా బండి దగ్గర తినే ఆటోవాళ్లు అనే మాట. తిరుపతిలో మా సందు మొదట్లోనే మా ఇడ్లీ బండి. పొద్దున్నే ఆవిరి మధ్య నిలబడి, "ఏం నాయినా, దేవుడు నీకు రెండు సేతులిచ్చినాడు గదా, ఆ సెంబు ముంచుకోలేవా? మీ యమ్మ ఈడికొచ్చి తాపించాల్నా?" అని అత్త ఎవరినో ఒకరిని అందుకుంటుంది. తిట్లు తిన్నతను నవ్వి ఇంకో వడ వేయించుకుంటాడు. నేను పదో తరగతి దాకానే చదివాను. బడిలో చెప్పింది సగం మర్చిపోయాను గానీ, మనసు నొప్పించకుండా మనిషిని ఎలా తిట్టాలో మాత్రం అత్తను చూసి నేర్చుకుందామని చూస్తున్నాను. ఇంకా రాలేదు. నేను తిడితే ఎదుటివాళ్లు నిజంగానే బాధపడిపోతారు.

అత్త మా నాయనకు అక్క. బండి మీద ఇడ్లీ పాత్రలు అత్తవి, దోసె పెనం నాయనది. అత్త మొగుడు, అంటే మా మామ, వేరుశనక్కాయల పచ్చడి, మేం ఊరిబిండి అంటాం, అది రుబ్బుకొచ్చి, వచ్చినవాళ్లకు వడ్డిస్తూ కబుర్లు చెబుతాడు. నేను ప్లేట్లు అందిస్తాను, పార్సిళ్లు కడతాను, అందరి మాటల్లోనూ దూరతాను.

నాయన, మామ బావాబామ్మర్దులు కాబట్టి ఒకరినొకరు ఏమన్నా చెల్లుతుంది. మామ బట్టతల మీద దోసె పోయొచ్చని నాయన అంటాడు. నాయన దోసెలకు ఉన్నన్ని బొక్కలు తన బనీనుకు కూడా లేవని మామ అంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వింటున్నాను.

ఢిల్లీలో ఉండే పెద్దాయనంటే మామకు ప్రాణం. ఆయన మాట్లాడుతుంటే ఊరిబిండి గిన్నె పక్కన పెట్టి ఫోను చూస్తాడు. నాయనకు ఆయనంటే పడదు, ఎదురు పార్టీవాళ్లే ఏదో ఒకరోజు ఏదో ఒకటి చేస్తారని ఆశ. మొదట్లో ఇదీ సరసంగానే నడిచింది. తర్వాత్తర్వాత ఇద్దరి ఫోన్లలోకీ ఎవరెవరో అరుచుకునే వీడియోలు రావడం మొదలైంది. ఆ అరుపులు మెల్లగా మా బండి దగ్గరకూ వచ్చేశాయి.

ఒకరోజు పొద్దున బాగా రద్దీగా ఉంది. మామ ఎవరికో చెబుతున్నాడు, "మన రేణిగుంట ఎయిర్‌పోర్టు సూడప్పా, ఎట్లా మెరిసిపోతాండాదో! ఇయ్యాల మన దేశమంటే బయటోళ్లు లేసి నిలబడతాండారు."

"లేసి నిలబడితే నిలబడనీ బావా," అన్నాడు నాయన పెనం మీద నీళ్లు చల్లుతూ. "ఈడ గ్యాసు బండ కొనాలంటే నేను కూలబడతాండా. దాని గురించి మీయాయన ఒక్క మాట మాట్లాడినాడా?"

"గ్యాసు, గ్యాసు! దేశం కన్నా నీకు గ్యాసు ఎక్కువైపోయిందా? నీ మాదిరోళ్లనే దేశద్రోహులంటారు!"

నాయన చేతిలో గరిటె అలాగే ఉంది, పెనం మీద దోసె మాడి పొగ వచ్చింది. నాయన భుజం మీది తువ్వాలు తీసి బండి మీద పడేశాడు. "నువ్వు భజన సేసుకో బావా. బుర్ర అమ్ముకున్నోళ్లతో నాకేం మాటలు," అని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చాడనుకోండి, బండి ఆగితే కుదరదు కదా. కానీ ఇద్దరి మధ్య మాటలు లేవు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడి నాతో కబుర్లు పంపేవాళ్లు. "పాపా, మీ నాయన్ను ఉల్లిపాయలు తరగమను." "పాపా, తరిగేసినానని మీ మామకు సెప్పు." పొద్దస్తమానం నేను పోస్టుమాన్ పని చేశాను. వచ్చేవాళ్లు కూడా రెండుగా చీలిపోయారు. పెద్దాయన మనుషులు మామ వైపు నిలబడి తినేవాళ్లు, మిగతావాళ్లు పెనం వైపు. అటువాళ్లు ఇటు వచ్చి చట్నీ వేయించుకోరు. అత్త మధ్యలో నిలబడి, "ఇది ఇడ్లీ బండా, పార్లమెంటా? ఆ పక్కకో గిన్నె, ఈ పక్కకో గిన్నె పెట్టేదానికి నా తావ గిన్నెల్లేవు!" అని అరిచేది. ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

నాకు ఒకటే ఆశ్చర్యం. మా ఇంట్లో ఇంతకన్నా పచ్చి తిట్లు ఎన్ని పుట్టలేదు! జాతరలో మామ నాయనను తిట్టిన తిట్లు నేనిక్కడ రాస్తే ఈ కాగితం మీరు ఇంట్లో పెట్టుకోరు. అవన్నీ దులుపుకొని పోయిన నాయన, ఒక్క బూతు కూడా లేని ఆ దేశద్రోహి మాట దగ్గర ఆగిపోయాడు. నడి సందులో నిలబెట్టి నువ్వు మావాడివి కావు అని చెప్పినట్టు కదా అది!

జాతర అన్నాను కదా, మా ఊరి గంగమ్మ జాతర. ఎండలు మండిపోయే నెలలో వస్తుంది. రోజుకో వేషం. బండ వేషం రోజున మగవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకొని, వేపమండలు పట్టుకొని, దారి పొడుగునా బూతులు తిడుతూ వెళ్లి అమ్మవారికి మొక్కుతారు. వెనకటికి ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడొకడు దాక్కుంటే, అమ్మ వేషాలు మార్చుకొని, వాణ్ణి తిట్టి తిట్టి బయటికి రప్పించిందట. అందుకే ఆ రోజు ఎవరు తిట్టినా ఎవరికీ కోపం రాకూడదు.

నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసి, ఒళ్లంతా పొక్కులు లేచి, కళ్లు కూడా తెరవలేకపోయానట. అప్పుడు నాయన, మామ కలిసి మొక్కుకున్నారు: పాప కళ్లు తెరిస్తే ఏటేటా ఇద్దరం కలిసి బండ వేషం వేస్తాం, ఒకరి వీపు ఒకరం పూసుకుంటాం అని. వీపు ఎవరికి వాళ్లు పూసుకోలేరు కదా, మొక్కులో ఆ మాట పెట్టింది మా అత్తే. ఆ మొక్కు ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఈసారి జాతర చాటింపు అయ్యాక అత్త కుంకుమ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

"నేనొక్కణ్ణే ఏసుకుంటా," అన్నాడు నాయన.

"నేనూ అంతే," అన్నాడు మామ గోడతో.

"ఒకరి ఈపు ఒకరు పూయాల. మొక్కింది మీరిద్దురూ, నేను గాదు. ఈపుకు యాడుండాదిరా పార్టీ?"

ఇద్దరూ చెరో వైపు వెళ్లిపోయారు. అత్త ఆ కుంకుమ ఒళ్లో పెట్టుకొని గుమ్మంలో కూర్చుండిపోయింది. పదిమందిని గడగడలాడించే మనిషిని అలా చూడటం నాకదే మొదటిసారి. మొక్కు తప్పితే నాకేమన్నా అవుతుందని తన భయం. నాకు మాత్రం, ఈ ఏడు తప్పితే ఇంక ఏ ఏడూ కలవరేమోనని భయం. సరే, నిజం చెబుతున్నాను, నాకేమన్నా అవుతుందేమోనన్న భయం నాకూ కొంచెం ఉండింది.

బండ వేషం రోజు పొద్దున నాయన ముందు గదిలో, మామ పెరట్లో ఎవరికి వాళ్లు పూసుకున్నారు. ముందు వైపు చూస్తే మందారాల్లా ఉన్నారు. వెనక్కి తిరిగితే ఇద్దరి వీపులూ ఉత్తగా ఉన్నాయి. సందులోకి రాగానే ఎవరో, "ఏమప్పా, మీ ఇంట్లో కుంకుమ సగానికే సరిపోయిందా?" అని ఎగతాళి చేశారు.

మా బండి దగ్గరకు వచ్చేసరికి తిట్లు మొదలయ్యాయి. నాయన ఢిల్లీ పెద్దాయనను ఎత్తుకున్నాడు. మామ వెంటనే ఎదురు పార్టీవాళ్లను, వాళ్ల తాతలను, ముత్తాతలను అందుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఎవరి వైపు వాళ్లు చేరి అరవడం మొదలుపెట్టారు. కాసేపటికి అది జాతర తిట్టులా లేదు. మామ మెడ నరాలు పొంగాయి. నాయన చేతిలోని వేపమండ కర్రలా లేచింది.

అప్పుడు వచ్చింది మా అత్త. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, ఒక చేత్తో చట్నీ గరిటె, ఇంకో చేత్తో కుంకుమ పళ్లెం పట్టుకొని ఇద్దరి మధ్యలోకి దూరింది.

"ఆపండ్రా! ఇది అమ్మ జాతరనా, మీ టీవీనా? ఇన్నేండ్లు నువ్వు బావను తిట్టినావు, బావ నిన్ను తిట్టినాడు. ఎందుకు సెల్లింది? మనోడు గాబట్టి! మనోణ్ణి తిడితేనే జాతర. ఎదుటోళ్లోణ్ణి తిట్టేదానికి వేషమెందుకు, కుంకుమెందుకు? అది దినామూ సేస్తానే ఉండారు గదా!" అని గరిటె నాయన వైపు తిప్పింది. "నువ్వు ఓటేసినోళ్లను నువ్వు తిట్టు." మామ వైపు తిప్పింది. "నీ పెద్దాయన్ను నువ్వు తిట్టు. మొగోళ్లయితే తిట్టండి సూస్తా!"

ఎదుటివాళ్ల మీద అంత ధారాళంగా వచ్చిన తిట్టు, సొంతవాళ్ల మీదకు వచ్చేసరికి ఎవరికీ నోరు పెగలలేదు. ముందు నాయనే కదిలాడు.

"ఒరే నేను ఓటేసిన సన్నాసుల్లారా! మిమ్మల్ని నమ్ముకోని నా నోరు పోయిందిరా! ఓట్లప్పుడు కండువా ఏసుకోని వస్తారు, అయినంక దుప్పటి కప్పుకోని పండుకుంటారు. ఆడ సభలో అరిసి బయటికొచ్చేస్తారు. బయటికి రావడానికేనా మిమ్మల్ని లోపలికి పంపించింది? మీలో మీకే పడదు, మా బాధలెవుడు సూస్తాడురా?" అక్కడి నుంచి అసలు బూతులు మొదలయ్యాయి, అవి రాయలేను. జనం ఈలలు వేశారు. గట్టిగా ఈల వేసింది నాయన వైపు వాళ్లే.

అందరూ మామ వైపు చూశారు. మామ చేతిలోని వేపమండ ఆకులు ఒక్కొక్కటే తుంచి కింద వేశాడు. నాకు జాలేసింది. అంత ఇష్టమున్న మనిషిని తిట్టడం తేలికా?

"అయ్యా పెద్దాయనా," అన్నాడు చివరికి. గొంతు తిట్టులా లేదు, మొక్కులా ఉంది. "నీ కోసరం నేనెంతమందితో కొట్లాడినానో నీకు తెల్సా? ఎంతసేపూ నువ్వు మాట్లాడేదే గానీ, మా మాట యినేదెప్పుడయ్యా? మా మాదిరోళ్లు అడిగినదానికి ఒక్కసారన్నా నిలబడి జవాబు సెప్పినావా? మమ్మల్ని నీవోళ్లు, కానోళ్లని సగానికి కోసి పెడితివి. ఆ మాట నా నోట్లోకెట్లొచ్చిందో, నా బామ్మర్దిని నడి బజార్లో..."

అక్కడ ఆగిపోయాడు. తర్వాత ఒకే ఒక్క బూతు తిట్టాడు. అది పెద్దాయన మీదో, తన మీదో నాకు తెలియలేదు. మెల్లగా వెనక్కి తిరిగి నాయనకు వీపు చూపించాడు.

"పూయరా," అన్నాడు.

నాయన వేపమండ కింద పడేశాడు. తర్వాత అత్త చేతిలోంచి కుంకుమ పళ్లెం లాక్కున్నాడు. "కొంచిం వంగు బావా. తాటిచెట్టు మాదిరి నిలబడితే నాకెట్లందుతుంది?" అన్నాడు. మామ వంగాడు. నాయన రెండు చేతులతో మెడ నుంచి నడుం దాకా పూశాడు, గోడకు సున్నం కొట్టినట్టు. తర్వాత మామ వంతు. అత్త గరిటె పట్టుకొనే ఏడుస్తోంది, ఏడుస్తూనే, "ఆ బుజం కింద వదిలేసినావు, కండ్లు కనపడలేదా నీకు?" అని తిడుతోంది. పక్కనున్న ఆటోవాళ్లకు ఊపు వచ్చి ఒక్కొక్కరే ముందుకొచ్చి తమ తమ నాయకులను అందుకున్నారు. ఢిల్లీవాళ్లను, ఊళ్లోవాళ్లను, ఎవరినీ వదల్లేదు. అంత కడుపు నిండా తిట్టుకున్న జాతర నేను చూడలేదు. ఇంతమంది కడుపులో ఇంత పెట్టుకొని తిరుగుతున్నారా అనిపించింది.

దీంతో ఇద్దరూ మారిపోయారని చెప్పను. మామ ఇప్పటికీ పెద్దాయన మాట్లాడితే ఫోను చూస్తాడు. నాయన ఆశ నాయనది. మా బండి దగ్గర మాత్రం అత్త ఒక కట్టుబాటు పెట్టింది. రాజకీయం మాట్లాడాలంటే ముందు సొంతవాళ్లను ఒక తిట్టు తిట్టాలి, ఆ తర్వాతే ఎదుటివాళ్ల జోలికి వెళ్లాలి. చాలామంది మొదటి తిట్టు దగ్గరే నవ్వేసి ఇడ్లీ తినేసి వెళ్లిపోతారు.

బండ వేషం మర్నాడు పొద్దున బండి తీశాం. ఎంత తోముకున్నా పోక ఇద్దరి చెవుల వెనకా ఎరుపు అలాగే ఉంది. మామ ఊరిబిండి కలుపుతూ, "దోసె మాడతాండాది," అన్నాడు.

నేను అలవాటు కొద్దీ నాయన వైపు తిరిగి, "నాయనా, దోసె మాడతాండాదని మామ..." అని మొదలుపెట్టాను.

"నాకు యినపడింది," అన్నాడు నాయన. "బావా, ముందు నీ ఊరిబిండిలో ఉప్పుండాదో లేదో సూసుకో."

"మధ్యలో నీకేం పనిమే?" అంది అత్త నాతో. "పొట్లం కట్టు."